పేదల పద్దు

1779. జర్మనీలోని వాల్డార్ఫ్ పల్లె నుంచి పదహారేళ్ల కుర్రాడొకడు మూట భుజాన వేసుకుని రైన్ నది వైపు బయల్దేరాడు. తండ్రి మాంసం కొట్టు నడిపేవాడు. వృత్తి ఉందన్న మాటే గాని, ఊళ్లో కొనేవాళ్లేరి? పండగకో పెళ్లికో తప్ప రైతు ఇంట్లో మాంసం ఉడకని రోజులవి. కుర్రాడికి చిన్నప్పుడే తల్లి పోయింది. సవతి తల్లి వచ్చింది, ఇంట్లో తినే నోళ్లు పెరిగాయి. ఏదైనా చేతిపని నేర్చుకుందామంటే ముందుగా మేస్త్రీకి డబ్బు కట్టాలి. తండ్రి దగ్గర అది లేదు. వాలెంటిన్ జ్యూన్ అనే పంతులు శ్రద్ధగా చదువు చెప్పడం వల్ల రాయడం, చదవడం, లెక్కలు వచ్చాయి. ఇంటి నుంచి వాడు పట్టుకెళ్లిన ఆస్తి అదే. ఊరి పొలిమేర దాటాక లిండెన్ చెట్టు కింద కూర్చుని, నిజాయితీగా బతుకుతానని, కష్టపడతానని, జూదం జోలికి పోనని ఒట్టు పెట్టుకున్నాడని తర్వాత అతని జీవితచరిత్ర రాసినవాళ్లు చెప్పారు.

అతని పేరు యోహాన్ యాకోబ్ ఆస్టర్. లండన్‌లో అన్న జార్జ్ వాద్యాలు తయారుచేస్తుంటే అక్కడ పనికి కుదిరాడు. 1783 చివర్లో ఏడు వేణువులు వెంట తీసుకుని అమెరికా ఓడెక్కాడు. తీరం దగ్గరపడ్డాక చెసపీక్ అఖాతంలో మంచు గడ్డకట్టి ఓడ వారాల తరబడి కదల్లేదు. ఆ ఓడలోనే ఒక జర్మన్ వ్యాపారితో పరిచయమైంది. ఆదివాసుల దగ్గర బొచ్చుతోళ్లు కొని లండన్‌లో అమ్మితే ఎంత మిగులుతుందో ఆయనే చెప్పాడు. 1808 నాటికి అమెరికన్ ఫర్ కంపెనీ పుట్టింది. 1848 మార్చి 29న న్యూయార్క్‌లో కన్నుమూసేనాటికి ఆస్టర్ అమెరికాలోకెల్లా ధనవంతుడు. ఆస్తి సుమారు 2 కోట్ల డాలర్లు.

ఈ కథను ఇక్కడితో ఆపి, కష్టపడితే ఎవరైనా పైకొస్తారని పిల్లలకు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆపలేను. ఆస్టర్ కంపెనీ మనుషులు ఆదివాసులకు సారా పోసి తోళ్లు పట్టుకెళ్లారు. ఆయన ఓడలు కొన్నాళ్లు చైనాకు నల్లమందు కూడా మోశాయి. చివరికి అసలు సంపద వచ్చింది తోళ్ల మీద కాదు, మన్‌హటన్ నేల మీద. ఊరు పెరుగుతుంటే స్థలాల ధర దానంతటదే పెరిగింది. వీలునామా బయటికొచ్చిన వారంలోపే న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక ఒక ప్రశ్న వేసింది: ఊరి జనమంతా కలిసి పెంచిన ధర గనుక ఆ ఆస్తిలో సగం ఊరి జనానిదే కావాలి కదా అని. 1848లో వేసిన ఆ ప్రశ్న ఇవాళ హైదరాబాద్ చుట్టుపక్కల పొలాలు ప్లాట్లయిన చోట నిలబడి వేసినా చెల్లుతుంది.

వీలునామాలో ఎక్కువ భాగం కుటుంబానికే పోయింది. న్యూయార్క్‌లో గ్రంథాలయానికి 4 లక్షల డాలర్లు. ఒక పద్దు మాత్రం పుట్టిన ఊరి పేరు మీద ఉంది. వాల్డార్ఫ్‌లోని పేదల కోసం 50 వేల డాలర్లు: రోగులకు, అంగవైకల్యం ఉన్నవారికి, ఆదుకోకపోతే చదువు సాగని పిల్లలకు. మొత్తం ఆస్తిలో అది నూటికి పావు వంతు.

ఆ కబురు వాల్డార్ఫ్‌కు ఎలాంటి సమయంలో చేరిందో చూడాలి. ఆ ఊరు అప్పుడు బాడెన్ రాజ్యంలో ఉంది. 1845 నుంచి బంగాళాదుంప తెగులు, ఆ వెంటనే ధాన్యం కొరత, రొట్టె ధర ఆకాశాన. 1848 వసంతంలో బాడెన్ అంతటా తిరుగుబాటు. మరుసటేడు జూన్‌లో వాల్డార్ఫ్‌కు అట్టే దూరం లేని వాగ్‌హ్యోజెల్ దగ్గర ప్రష్యా సైన్యం తిరుగుబాటుదారులను ఓడించింది. అణచివేత అయిపోయింది, ఆకలి అలాగే ఉంది. మరి పేదలను ఏం చేయాలి?

బాడెన్ ప్రభుత్వానికి దొరికిన జవాబు ఓడ టికెట్టు. తూర్పున ఓడెన్‌వాల్డ్ కొండల్లో రీనెక్ అనే పేదల ఊరుండేది. నేల పండదు, పని దొరకదు, బిచ్చమెత్తడానికి పక్క ఊళ్లకు పోతే తరిమేవారు. ప్రభుత్వం ఆ ఊరినే రద్దు చేసింది. 1849, 50లలో వందలాది మందిని ఖర్చులు పెట్టి అమెరికాకు పంపించేసింది. ఇళ్లు కూల్చేశారు. మనిషిని పంపేస్తే పేదరికం లెక్కలోంచి పోతుందనుకోవడం కూడా ఒక విధానమే. మన నగరాల్లో అంతర్జాతీయ సభలు జరిగినప్పుడు బిచ్చగాళ్లను రోడ్ల మీంచి తీసుకుపోవడం చూసినవాళ్లకు ఇది కొత్తగా తోచదు.

ఇటు వాల్డార్ఫ్‌లో ఆస్టర్ డబ్బుతో కట్టిన ఇల్లు 1854లో తెరుచుకుంది. పేద వృద్ధులకు నీడ, పిల్లలకు చదువు. ఆస్టర్‌హౌస్ ఇప్పటికీ ఉంది, లోపల ఊరి మ్యూజియం నడుస్తోంది. ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగాల కోసం వెళ్లి ఆ చుట్టుపక్కల కాపురాలు పెట్టిన తెలుగువాళ్లకు ఆ పేరు వీధి బోర్డు మీదా, ఫుట్‌బాల్ క్లబ్బు మీదా రోజూ కనబడుతూనే ఉంటుంది. ఎవరు ఎంత విమర్శించినా, ఆకలి రోజుల్లో ఆ ఇల్లు కొందరు ముసలివాళ్లను కాచింది, కొందరు పిల్లల చేత పలక పట్టించింది. ఆ మేలును నేను తక్కువ చేయను.

కాని వీలునామాలో రాసింది వాల్డార్ఫ్ పేదలు అని. పక్కనున్న వీస్లోఖ్‌లో అదే జబ్బుతో, అదే ఆకలితో ఉన్న ముసలమ్మకు ఆ తలుపు తెరుచుకోదు. ఆస్టర్ ఇంకో ఊళ్లో పుట్టి ఉంటే వాల్డార్ఫ్ ముసలమ్మకూ తెరుచుకునేది కాదు. ఎవరి దయ ఎక్కడ పుట్టిందన్న దాని మీద ఒకరి బతుకు ఆధారపడటమన్నమాట. మరో మార్గం కోసం జర్మనీ వందేళ్లకు పైగా కొట్టుకుంది. ఈ గాథలో నాకు ముఖ్యమైన భాగం అదే.

1883లో ఛాన్సలర్ బిస్మార్క్ కార్మికులకు ఆరోగ్య బీమా చట్టం తెచ్చాడు. 1884లో ప్రమాద బీమా, 1889లో వృద్ధాప్య పింఛను. పింఛను వయసు 70. అంతవరకు బతికే కార్మికులెందరు? సోషలిస్టుల వైపు పోతున్న కార్మికులను తనవైపు తిప్పుకోవాలన్న లెక్క ఆయనది. లెక్క ఏదైనా, జబ్బు పడ్డ కార్మికుడు ఎవరి గడపా తొక్కకుండా డబ్బు అడగగలిగిన మొదటి చట్టాలవి. తానూ చందా కట్టాడు గనుక అది తనదే.

చందా కట్టలేనివాడి సంగతి? వాడు ఊరి బీదసాయం మీదే బతకాలి. ఆ సాయానికి ఒక మూల్యం ఉండేది. 1869 నాటి ఎన్నికల చట్టం ప్రకారం ప్రజాధనం నుంచి బీదసాయం తీసుకునేవాడికి ఓటు లేదు. గంజి తాగితే ఓటు పోయినట్టే. సమాజం నుంచి వెలి అంటే ఏమిటో ఇంతకన్నా తేటగా ఏ ప్రభుత్వమూ కాగితం మీద పెట్టలేదు. రాచరికం కూలిన 1918 దాకా అదే నడిచింది.

1954 జూన్ 24న పశ్చిమ జర్మనీలోని సమాఖ్య పరిపాలనా న్యాయస్థానం ఒక మాట తేల్చింది: సాయం కోరే పేదవాడు అధికారి దయ కోసం నిలబడ్డవాడు కాడు, హక్కు అడుగుతున్న పౌరుడు. ఇవ్వకపోతే కోర్టుకెక్కొచ్చు. 1961లో ఆ మాట సాంఘిక సహాయ చట్టంలోకి ఎక్కింది. వాల్డార్ఫ్ ముసలమ్మకూ వీస్లోఖ్ ముసలమ్మకూ ఒకే తలుపు తెరుచుకుంది.

హక్కు సరే, ఎంత? కథ ఇక్కడి నుంచి అంకెల్లోకి దిగుతుంది. మనవాళ్లు ఈ అంకెను ఒకప్పుడు ప్రాణాలతో కొలిచారు. ధాత కరువులో, 1877 మొదట్లో, వైస్రాయ్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో కూలి తగ్గించాడు. మగ మనిషికి రోజుకు ఒక పౌను గింజలు, పైన ఒక అణా. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల్లో మట్టి మోసి రాళ్లు కొట్టేవాళ్లకు ఆ తిండి చాలదని మద్రాసు ఆరోగ్య కమిషనర్ డాక్టర్ కార్నిష్ పోరాడాడు. నెలల తర్వాత గాని కూలి పెరగలేదు. కచేరీలో కూర్చుని గీసిన ఒక గీత ఎక్కడో దూరాన ఎవరి డొక్కలో తేలుతుందో టెంపుల్‌కు కనబడలేదు, లేదా చూడదలచుకోలేదు.

జర్మనీకి వద్దాం. 2000 మార్చిలో లిస్బన్‌లో కూడిన ఐరోపా సమాఖ్య నేతలు పేదరికాన్ని, సామాజిక వెలిని పదేళ్లలో గట్టి దెబ్బ తీయాలనుకున్నారు. సభ్య దేశాలన్నీ జాతీయ కార్యాచరణ ప్రణాళికలు రాసి ఇవ్వాలన్నారు. 2001లో మొదటివి వచ్చాయి. జర్మనీ పేదరికంపైనా సంపదపైనా తన మొట్టమొదటి అధికారిక నివేదిక వేసింది కూడా ఆ ఏడాదే. సాంఘిక సహాయం అందుతున్నవాణ్ణి పేదవాడనకూడదని అంతకుముందు ప్రభుత్వాలు వాదించేవి. పేదలున్నారని ఒప్పుకోవడానికే సంపన్న దేశానికి అంతకాలం పట్టింది. అయితే ప్రణాళికలు రాసేవాళ్లు ఒక గదిలో, డబ్బు లెక్కలు వేసేవాళ్లు ఇంకో గదిలో ఉన్నారు.

రెండో గదిలోంచి వచ్చింది హార్ట్స్ నాలుగో చట్టం. ఫోక్స్‌వాగన్ కంపెనీ అధికారి పీటర్ హార్ట్స్ నాయకత్వంలోని కమిటీ 2002 ఆగస్టులో సిఫార్సులిచ్చింది. 2003 మార్చి 14న ఛాన్సలర్ గెర్హార్డ్ ష్రోడర్ పార్లమెంటులో సంస్కరణలు ప్రకటించాడు. 2004 వేసవిలో మాగ్డెబుర్గ్‌లో మొదలై ఎన్నో ఊళ్లలో సోమవారం సోమవారం జనం రోడ్డెక్కారు. చట్టం ఆగలేదు. 2005 జనవరి 1 నుంచి దీర్ఘకాల నిరుద్యోగికి, సాంఘిక సహాయం తీసుకునే మనిషికి ఒకటే భృతి. ముప్పై ఏళ్లు పనిచేసి ఉద్యోగం పోయినవాడు ఏడాదో, కాస్త అటూ ఇటుగానో గడిచాక అసలు పనే చేయనివాడితో ఒకే వరసలో నిలబడాలి. ఇంటి అద్దె, వెచ్చదనం ఖర్చు విడిగా ఇస్తారు. మిగతా బతుకంతా పశ్చిమాన నెలకు 345 యూరోల్లో. పద్నాలుగేళ్లలోపు పిల్లలకు అందులో నూటికి 60 వంతులు, అంటే 207.

ఈ 207 ఎక్కడిది? మూడు కుటుంబాలు ఈ ప్రశ్న పట్టుకుని కోర్టుకు వెళ్లాయి. డార్ట్‌మండ్ నుంచి ఒకటి, బవేరియా నుంచి ఒకటి, హెస్సె నుంచి ఒకటి. పిల్లలున్న మామూలు కుటుంబాలు. కింది కోర్టుల మెట్లన్నీ ఎక్కి ఆ ప్రశ్న కార్ల్స్‌రూయెకు, దేశ రాజ్యాంగ న్యాయస్థానానికి చేరింది. వాల్డార్ఫ్ నుంచి కారులో గంటలోపు దారి అది.

2010 ఫిబ్రవరి 9. ఎర్రటి గౌన్లలో న్యాయమూర్తులు బెంచీ మీదికి వచ్చారు. అధ్యక్షుడు హాన్స్ యుర్గెన్ పాపియర్ తీర్పు చదవడం మొదలుపెట్టాడు. ఆయన పదవీకాలం ముగియడానికి ఇంకెన్నో రోజులు లేవు. తీర్పు విన్నవాళ్లకు ముందుగా నిరాశే కలిగి ఉంటుంది. ఈ మొత్తం చాలదని మేం చెప్పడం లేదు, ఎంతివ్వాలో నిర్ణయించాల్సింది పార్లమెంటే అంది కోర్టు. ఆ తర్వాత ప్రభుత్వం వేసిన లెక్కను పద్దు పద్దుగా విప్పింది.

దేశంలో అందరికన్నా తక్కువ ఆదాయమున్న కుటుంబాలు దేనికెంత ఖర్చుపెడుతున్నాయో సర్వే చేసి, దాన్నిబట్టి భృతి కట్టడం ప్రభుత్వ పద్ధతి. పద్ధతిని కోర్టు తప్పుపట్టలేదు. అందులోంచి కోసేసిన తీరును పట్టుకుంది. అత్యవసరం కానివంటూ కొన్ని ఖర్చులు తీసేశారు: బొచ్చు కోట్లు, కొలతలిచ్చి కుట్టించుకునే బట్టలు, గ్లైడర్ విమానాలు. సరే, పేదకు గ్లైడర్ ఎందుకు? కోర్టు అడిగింది వేరే ప్రశ్న. ఆ అట్టడుగు కుటుంబాలు ఇవి కొన్నాయని ఎవరు చూశారు? కొనని వస్తువుల ఖర్చును కొన్నట్టు ఊహించి, ఆ మేరకు పేదవాడి పద్దుల్లోంచి కోశారు. చదువు పద్దునైతే కారణం కూడా చెప్పకుండా మొత్తానికి ఎత్తేశారు.

నేను తీర్పులు చాలా చదివాను. అధికార కాగితంలో ఒక అన్యాయం ఎలా దాగుతుందో ఇంత దగ్గరగా చూపించినవి తక్కువ. ఎవరూ పేదలను తిట్టలేదు, వెళ్లగొట్టలేదు. ఒక గడిలో ఒక శాతం తగ్గించారు, అంతే. రీనెక్ జనాన్ని ఓడెక్కించినప్పుడు ఊరంతా చూసింది. ఇది ఎవరికీ కనబడదు.

పిల్లల దగ్గరికొచ్చేసరికి కోర్టు గొంతు గట్టిపడింది. 60 వంతులన్న అంకె వెనక ఏ లెక్కా లేదు, ఏ పరిశీలనా లేదు. పిల్లలంటే పొట్టి పెద్దవాళ్లు కారు, వాళ్ల అవసరాలు వేరు. ఎదిగే ఒంటికి బట్టలు చాలవు, చెప్పులు ఇరుకవుతాయి. బడికెళ్లే పిల్లకు పుస్తకాలు కావాలి, నోటుబుక్కులు కావాలి, క్యాలిక్యులేటర్ కావాలి. అవి లేకపోతే జీవితంలో దొరకాల్సిన అవకాశాల నుంచే వెలి పడే ప్రమాదం ఉంది. ఇదంతా కోర్టు మాటల సారం. మనిషి గౌరవాన్ని కాపాడతానన్న రాజ్యాంగం మొదటి అధికరణం, సాంఘిక రాజ్యమని చెప్పిన ఇరవయ్యో అధికరణం కలిపి చదివి ఒక హక్కును తేల్చింది: గౌరవంగా బతకడానికి కావలసిన కనీసం. తిండి, బట్ట, ఇల్లు, ఆరోగ్యం అందులో ఉన్నాయి. నలుగురితో కలిసి మెలిసి ఉండటానికి, ఊరి సంస్కృతిలో, రాజకీయాల్లో పాలుపంచుకోవడానికి అవసరమైనదీ ఉంది. ఒకప్పుడు గంజికి బదులు ఓటు లాక్కున్న దేశంలో వెలువడిన తీర్పు ఇది.

ప్రభుత్వానికి ఇచ్చిన ఆజ్ఞ ఇది: లెక్క మళ్లీ వేయండి. వాస్తవాల మీద వేయండి, ఎవరైనా చూసి అర్థం చేసుకునేలా వేయండి. గడువు ఆ ఏడాది డిసెంబర్ 31.

ఇక్కడ నాకు అనంతపురం జిల్లా బండ్లపల్లి గుర్తొస్తుంది. హార్ట్స్ చట్టం అమల్లోకొచ్చిన ఏడాదే మన పార్లమెంటు గ్రామీణ ఉపాధి హామీ చట్టం చేసింది. 2006 ఫిబ్రవరి 2న బండ్లపల్లిలో అది మొదలైంది. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపాలి, చూపకపోతే భృతి ఇవ్వాలి. ఇది దానం కాదు, చట్టం. ఆంధ్రప్రదేశ్‌లో దానికి తోడుగా సామాజిక తనిఖీ వచ్చింది. ఊరి చదువుకున్న పిల్లలు మస్టర్ రోల్ చేత్తో పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. నీ పేరు మీద ఇన్ని రోజుల పని రాసి ఉంది, నిజంగా చేశావా, డబ్బు అందిందా అని అడిగేవారు. తర్వాత గ్రామసభలో అందరి ముందూ చదివేవారు. చచ్చిపోయినవాడి పేరు మీద కూలి పడిందని మైకులో వినబడితే సభలో కలకలం రేగేది. కార్ల్స్‌రూయె న్యాయమూర్తులు ఎర్రగౌన్లు వేసుకుని అడిగిందీ, రచ్చబండ దగ్గర కూలి తల్లి కొంగు బిగించి అడిగిందీ ఒకటే: ఆ పద్దు చదువు, మేమూ వింటాం.

బెర్లిన్‌లో లెక్క తిరిగి వేసే పని కార్మిక మంత్రి ఉర్సులా ఫాన్ డెర్ లైయెన్ మీద పడింది. గడువు దాటి, ఎగువ సభతో బేరాలు సాగి, 2011 మొదట్లో కొత్త చట్టం వచ్చింది. బీరు, సిగరెట్ల ఖర్చు ఈసారి లెక్కలోంచి తీసేశారు. పెద్దవాళ్ల భృతి 359 నుంచి 364కి చేరింది. ఇంత పోరాడితే పెరిగింది ఐదు యూరోలు. జనం మండిపడ్డారంటే ఆశ్చర్యం లేదు.

పిల్లల భాగంలో మాత్రం కొత్తదొకటి వచ్చింది. బడి సామానుకు ఏడాదికి 100 యూరోలు. వెనకబడిన పిల్లకు ట్యూషన్ ఖర్చు. బడివాళ్లు తీసుకెళ్లే యాత్రల ఖర్చు. ఆటలకో సంగీతానికో క్లబ్బులో చేరితే నెలకు 10 యూరోలు. వాల్డార్ఫ్ పిల్లవాడు ఆస్టర్ పేరు మోసే ఫుట్‌బాల్ క్లబ్బులో చేరాలన్నా, వీస్లోఖ్ పిల్లవాడు తన ఊరి క్లబ్బులో చేరాలన్నా ఆ పది యూరోలు ఒకటే చట్టం ఇచ్చేది. ధనవంతుడి జ్ఞాపకంతో దానికి పని లేదు.

అయితే అవి ఇంటికి నడిచి రాలేదు. ఒక్కోదానికి ఒక్కో దరఖాస్తు. తల్లి జాబ్ సెంటర్‌కు వెళ్లాలి, క్లబ్బు నుంచి కాగితం తేవాలి, బడి నుంచి ఇంకోటి తేవాల్సి వచ్చేది. భాష సరిగా రానివాళ్లు, షిఫ్టుల్లో పనిచేసే ఒంటరి తల్లులు వదిలేశారు. హక్కు ఉన్నవాళ్లలో చాలామంది అడగనేలేదు. కోర్టు గదిలో గెలిచిన పిల్లవాడు కౌంటర్ దగ్గర ఓడిపోయాడు. ఈ రెండో ఓటమి గురించి పత్రికలు తక్కువ రాస్తాయి. ప్రభుత్వాలు పేదరికంపై విధానాలు రాసేటప్పుడు మంత్రి ప్రసంగానికి ఎన్ని గంటలు పెడతాయో, ఆ దరఖాస్తు ఎన్ని పేజీలుండాలన్న దానికీ అన్ని గంటలు పెట్టాలి.

బడి భోజనంలో ఇంకో మెలిక మిగిలింది. ఖర్చు ప్రభుత్వమే భరించేది, కానీ పూటకు ఒక యూరో తల్లిదండ్రులు కట్టాల్సి వచ్చేది. ఇంట్లో తిన్నా ఆమాత్రం ఖర్చవుతుంది కదా అన్నది వాదన. ఇద్దరు పిల్లలుంటే నెలకు నలభై యూరోల దాకా తేలేది. ఆ ఒక్క యూరో వసూలు చేయడానికి, రాసుకోవడానికి, బాకీ పడ్డవాళ్ల వెంటపడటానికి బళ్లలో మనుషులు కావాల్సి వచ్చింది. డబ్బు కట్టని పిల్లలు ఎవరో తరగతిలో అందరికీ తెలిసేది. చివరికి 2019 ఆగస్టు 1న కొత్త చట్టం అమల్లోకొచ్చింది. బడి సామాను 150 అయింది, క్లబ్బు చందా 15 అయింది, దరఖాస్తులు కొన్ని తగ్గాయి. అన్నం పళ్లెం మీది ఆ యూరోను కూడా ఎత్తేశారు. తీర్పు వచ్చి అప్పటికి తొమ్మిదేళ్లు దాటింది.